టైపు వచ్చింది సరే, నప్పే కొలువేది?

మీ ప్రశ్న సారం ఇది: ఈసీఈలో బీటెక్, హైదరాబాద్‌లో నాలుగేళ్లుగా మాన్యువల్ టెస్టింగ్ (సాఫ్ట్‌వేర్‌ను చేత్తో నడిపి తప్పులు పట్టే పని), ఆ పని మీద ఇష్టం పోయింది. ఆన్‌లైన్‌లో పర్సనాలిటీ టెస్టు రాస్తే మొదటిసారి ఐఎన్ఎఫ్‌జే-టీ, రెండు నెలల తర్వాత ఐఎస్‌టీజే-టీ వచ్చింది. మొదటిదానికి కౌన్సెలర్, రచయిత అని, రెండోదానికి అకౌంటెంట్, ఆడిటర్ అని జాబితాలు కనబడ్డాయి. బిజినెస్ అనలిస్టుగా, అంటే క్లయింటుకేం కావాలో కనుక్కుని సాఫ్ట్‌వేర్ టీముకు రాసిచ్చే పనికి, మారాలని మీకుంది. నాన్నగారేమో గ్రూప్-2 రాయమంటున్నారు. ఏ టైపును నమ్మాలి, ఏ దారి పట్టాలి అని అడిగారు.

రెండుసార్లూ మారకుండా వచ్చిన అక్షరాల్ని నమ్మండి, మారినవాటిని పక్కన పెట్టండి. ఐ (తనలో తానుండే ఇంట్రోవర్ట్ తీరు), జే (ముందే ఖాయం చేసుకునే తీరు), చివరి టీ (తొందరగా ఆందోళన పడే తీరు) నిలబడ్డాయి. ఎన్ (ఊహ వైపు మొగ్గు) కాస్తా ఎస్ (కళ్లెదుటి వివరం వైపు మొగ్గు) అయింది, ఎఫ్ (మనసు మాట వినడం) కాస్తా టీ (తర్కం మాట వినడం) అయింది. ఫలితం పేజీలో శాతాలు కూడా ఇస్తారు, ఓసారి తెరిచి చూడండి. మారిన రెండూ 52-48, 54-46 లాంటి అంకెల దగ్గరే ఉండి ఉంటాయి. ఇంటర్లో 35 వస్తే పాసు, 34 వస్తే ఫెయిలు. ఆ ఒక్క మార్కుతో ఇద్దరు పిల్లల చదువు వేరైపోదు, మెమోలో మాట మాత్రం వేరవుతుంది. టైపు టెస్టులో జరిగేదీ ఇదే. మనుషుల్లో చాలామంది ప్రతి కొలమానం మీదా నడిమధ్యలోనే ఉంటారు, టెస్టు గీత గీసేది సరిగ్గా అక్కడే. కాబట్టి గీతకు అటూ ఇటూ దొర్లిపడేవాళ్లు తక్కువేమీ కాదు.

చిన్న లెక్క చూడండి. మళ్లీ రాసినప్పుడు ఒక్కో అక్షరం మారకుండా ఉండే అవకాశం 90 శాతం ఉందనుకుందాం. నాలుగూ మారకుండా రావాలంటే 0.9ని నాలుగుసార్లు గుణించాలి, వచ్చేది 0.66. అంటే నూరు మందిలో 34 మందికి టైపు పేరు మారిపోతుంది. ఒక్కో అక్షరానికి 80 శాతమే అనుకుంటే మారనివాళ్లు 41 మందే మిగులుతారు. మీకు రెండో పేరు రావడంలో వింతేమీ లేదు, మీరు తప్పుగా రాశారనీ కాదు.

ఇంకో సంగతి. చివర ఏ అనో టీ అనో ఐదో అక్షరం ఇచ్చే ఉచిత టెస్టు అసలైన మైయర్స్-బ్రిగ్స్ కాదు, ఆ అక్షరాల వాడుకను తీసుకుని కట్టిన వేరే టెస్టు. అసలుది కార్ల్ యుంగ్ 1921లో ప్రకటించిన టైపుల ఊహను పట్టుకుని కాథరిన్ బ్రిగ్స్, ఆమె కూతురు ఇసబెల్ మైయర్స్ తయారుచేసినది. దాన్ని అమ్మే సంస్థే ఉద్యోగానికి మనుషుల్ని ఏరడానికి దీన్ని వాడొద్దని చెబుతుంది. 'మీ టైపుకు సరిపడే ఉద్యోగాలు' అనే జాబితాల సంగతి ఇంకా పలచన. మహా అయితే ఫలానా ఉద్యోగంలో ఫలానా టైపువాళ్లు ఎక్కువ కనబడతారని అవి చెప్పగలవు. వాళ్లక్కడ బాగా చేస్తున్నారనీ, సుఖంగా ఉన్నారనీ చెప్పవు.

పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అన్నమాట నిజమే. చిక్కంతా ఆ బుద్ధుల్ని పదహారు డబ్బాల్లో సర్దబోయినప్పుడే వస్తుంది. డబ్బాలు వదిలేసి అంకెలు చూద్దాం. మనస్తత్వ పరిశోధనలో ఇప్పుడు ఎక్కువగా వాడేది బిగ్ ఫైవ్: కలుపుగోలుతనం, ఎదుటివారితో సర్దుకుపోయే గుణం, పట్టుదలా క్రమశిక్షణా, మానసిక నిలకడ, కొత్తదనం మీద ఆసక్తి. దీనికి ఐపిప్ అనే ఉచిత ప్రశ్నల భాండారం ఉంది, లూయిస్ గోల్డ్‌బర్గ్ మొదలుపెట్టినది. అందులో 50 ప్రశ్నల పత్రం చాలు. గుణానికి పదేసి ప్రశ్నలు, ఒక్కోదానికి 1 నుంచి 5 దాకా మార్కు, అంటే ఒక్కో గుణానికి 10 నుంచి 50.

సొంతంగా మార్కులు వేసుకునేటప్పుడు జనం తప్పేది ఒకేచోట. కొన్ని ప్రశ్నలు తలకిందులుగా ఉంటాయి, వాటికి మీ మార్కును 6లోంచి తీసేసి రాసుకోవాలి. మానసిక నిలకడ భాగంలో పదింట ఎనిమిది అలాంటివే. బాగా ఆందోళన పడే మనిషి 'ఇట్టే టెన్షన్ పడతాను' లాంటి ఎనిమిదింటికీ 5, 'ఎక్కువగా నిబ్బరంగా ఉంటాను' లాంటి రెండింటికీ 1 వేశాడనుకోండి. సరిగ్గా తిప్పి కూడితే 10 వస్తుంది. తిప్పడం మరిచిపోతే 42. హడలిపోయే మనిషి కాస్తా కాగితం మీద స్థితప్రజ్ఞుడవుతాడు! ఆ మార్కు చూసుకుని నైట్ ఆన్‌కాల్ (రాత్రి ఎప్పుడు పిలిచినా పలకాల్సిన) ఉద్యోగంలో చేరితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. సైట్లు చూపించే పర్సంటైళ్లను (నూరు మందిలో మీకంటే కింద ఎందరున్నారో చెప్పే అంకెల్ని) మాత్రం పట్టించుకోకండి. అవి ఎక్కువగా ఇంగ్లీషు దేశాలవాళ్ల జవాబులతో కట్టినవి. మీ ఐదు మార్కుల్లో ఏది బాగా పైన, ఏది బాగా కింద అన్నదే మనకు పనికొచ్చేది. 25కీ 35కీ మధ్య ఉన్నదాన్ని 'మామూలు' అని రాసి వదిలేయండి.

ఈ టెస్టులు మనవాళ్ల దగ్గర ఎక్కడ దారి తప్పుతాయో కూడా చూడాలి. చాలా వ్యాసాల్లో లేని ముక్క ఇది.

మొదటిది భాష. ఆఫీసు మీటింగులో నోరు మెదపనివాళ్లంతా 'నేను ఇంట్రోవర్ట్' అని టిక్కు పెట్టేస్తారు. పదో తరగతి దాకా తెలుగు మీడియం చదివి, ఇంగ్లీషులో వాక్యం కూర్చుకునే లోపల మాట దాటిపోయి ఊరుకునేవాళ్లు వీళ్లలో చాలామంది. అది స్వభావం కాదు, అలవాటు లేకపోవడం. తేల్చుకోవడం తేలికే: మేనమామ కూతురి పెళ్లిలో, ఊళ్లో పాత స్నేహితుల మధ్య, తెలుగులో ఉన్నప్పుడు మీరెలా ఉంటారు? అక్కడ నలుగుర్ని పోగేసి కబుర్లు చెప్పేవాళ్లయితే మీ 'ఐ' అక్షరం మీద నాకు నమ్మకం లేదు. అక్కడా రెండు గంటలయ్యేసరికి డాబా మీదకో, పెరట్లోకో వెళ్లిపోవాలనిపిస్తే అది నిజమైనదే. పార్టీల్లో ఎలా ఉంటారన్న ప్రశ్నలు ఈ పత్రాల్లో తరచూ వస్తాయి. పార్టీ అన్నచోటల్లా పెళ్లి, గృహప్రవేశం అని చదువుకుని జవాబివ్వండి.

రెండోది హాస్టల్ క్రమశిక్షణ. ఇంటర్ రెండేళ్లూ రెసిడెన్షియల్ కాలేజీలో తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా స్టడీ అవర్లలో కూర్చున్నవాళ్లు తాము మహా క్రమశిక్షణ గలవాళ్లమనే అనుకుంటారు. ఆ క్రమశిక్షణలో ఎక్కువ వాటా వార్డెన్‌ది. అడిగేవాళ్లు లేనప్పుడు మీరేం చేస్తారో చూడండి. కొని పడేసిన ఆన్‌లైన్ కోర్సు ఎంతవరకు పూర్తయింది? గడువు లేని పని ఎన్నాళ్లు వాయిదా పడుతుంది? ఈ గుణం గురించి ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. ఎన్నో అధ్యయనాలను కలిపి బారిక్, మౌంట్ 1991లో ప్రచురించిన విశ్లేషణలో అన్నిరకాల ఉద్యోగాల్లోనూ పనితీరుతో ముడిపడిన గుణం ఇదొక్కటే. ఆ ముడి కూడా బలమైనదేం కాదు, సహసంబంధం 0.2 దరిదాపు (0 అయితే ముడే లేదు, 1 అయితే పూర్తి ముడి). కలుపుగోలుతనం అమ్మకాల్లో, మేనేజర్ పనుల్లో మాత్రమే పనికొచ్చింది. స్వభావం ఒక్కటే జాతకం కాదని చెప్పడానికి ఆ 0.2 చాలు.

మూడోది, రాసేరోజు మనసు. అప్రైజల్ రేటింగ్ వచ్చిన వారంలో రాయకండి. గత రెండేళ్లలో, ఇంట్లోనూ ఆఫీసులోనూ కలిపి ఎలా ఉన్నారో దాన్నిబట్టి రాయాలి, ఎలా ఉంటే బాగుంటుందో దాన్నిబట్టి కాదు. మూడు వారాలు ఆగి మళ్లీ రాయండి. అదే పత్రాన్ని మీ గురించి రూమ్మేటుతోనో భార్యతోనో భర్తతోనో, మీ పని చూసిన ఒక సహోద్యోగితోనో నింపించండి. మీ మార్కుకూ వాళ్ల మార్కుకూ ఒక గుణంలో 8 కంటే ఎక్కువ తేడా ఉంటే ఏ ప్రశ్నల దగ్గర తేడా వచ్చిందో కూర్చుని మాట్లాడుకోండి. క్రమశిక్షణ విషయంలో నాకైతే రూమ్మేటు మాట మీదే నమ్మకమెక్కువ.

స్వభావం తర్వాత అభిరుచి. రెండూ ఒకటి కాదు. నలుగురిలో కలవనివాడికి పాఠం చెప్పడమంటే ప్రాణం కావచ్చు. దీనికి జాన్ హాలండ్ 1959లో ప్రతిపాదించిన ఆరు రకాల పద్ధతి ఉంది: చేతిపని, యంత్రాల పని ఆర్; తరచి పరిశీలించేది ఐ; కళ, రాత ఏ; నేర్పడం, సాయపడటం ఎస్; ఒప్పించడం, నడిపించడం ఈ; లెక్కా పత్రం, క్రమం సీ. టైపు టెస్టు అక్షరాలతో వీటికి సంబంధం లేదు. అమెరికా కార్మిక శాఖ వాళ్ల ఓనెట్ ఇంటరెస్ట్ ప్రొఫైలర్‌లో దీన్ని ఉచితంగా రాయొచ్చు. 60 పనులు చూపించి ఒక్కోటి ఎంత నచ్చుతుందో 0 నుంచి 4 దాకా ఐదు మెట్లలో అడుగుతుంది. రకానికి 40 మార్కులు. టైల్స్ పరచడం, కిచెన్ కబోర్డులు చేయడం లాంటి ప్రశ్నలు వస్తాయి. మనవాళ్లు అక్కడ 'ఛీ' అనుకుని సున్నా వేసేస్తారు, జీతమూ పరువూ గుర్తొచ్చి. చదువునీ జీతాన్నీ పక్కనపెట్టి, ఆ పని మీద రెండు గంటలు చేయి పెడితే హాయిగా ఉంటుందా అని మాత్రమే చూడండి. ఇంట్లో మిక్సీ చెడిపోతే మెకానిక్‌ని పిలవకుండా ముందు మీరే విప్పే రకమైతే మీ ఆర్‌కు సున్నా రాకూడదు.

ఎక్కువ మార్కులొచ్చిన మూడు అక్షరాలు తీసుకోవాలి. వాటి మధ్య తేడా 3, 4 మార్కులే అయితే వరస పట్టించుకోకండి, ఐఎస్‌సీ అన్నా సీఎస్ఐ అన్నా ఒకటే. ఆరూ 18-24 మధ్యే ఇరుక్కుంటే 'చెప్పలేను' అన్న జవాబులు ఎక్కువ పెట్టారన్నమాట. ఆ ఫలితం చించేసి మళ్లీ రాయండి.

ఇక అసలు మెట్టు. టైపు నుంచి ఉద్యోగం పేరుకు నేరుగా దారి లేదు, మధ్యలో రోజువారీ పని ఉంది. మనిషికి నప్పేదీ నప్పనిదీ డిజిగ్నేషన్ కాదు, గంటలు. అందుకని రెండు వారాలపాటు చిన్న లాగ్ రాయండి. రోజుకు నాలుగు ముక్కలు, పది పనిదినాలు, మొత్తం 40 వరుసలు. ప్రతి వరుసలో ఏం చేశారు, ఎవరితో చేశారు, అయ్యాక ఒంట్లో ఎలా ఉంది: మైనస్ 2 నుంచి ప్లస్ 2 దాకా. ముందురోజు రాత్రి ఎన్ని గంటలు పడుకున్నారో కూడా రాయండి. అది రాయకపోతే నిద్ర చాలకపోవడం వల్ల వచ్చిన చిరాకంతా ఉద్యోగం నెత్తిన పడుతుంది. సాయంత్రం కూర్చుని నాలుగూ ఒకేసారి రాస్తే రోజులో చివరి సంఘటన రంగే నాలుగింటికీ అంటుకుంటుంది. ఎప్పటిదప్పుడు ఫోన్లో రాసేయండి.

రెండు వారాలయ్యాక పనులవారీగా సగటు తీయండి. మీది ఇలా వచ్చిందనుకుందాం: రిగ్రెషన్ రన్ (పాత పరీక్షలన్నీ మళ్లీ నడపడం) మైనస్ 1.5, డెవలపర్‌కి అర్థమయ్యేలా బగ్ వివరంగా రాయడం ప్లస్ 1, కొత్తగా చేరిన అమ్మాయికి ప్రాజెక్టు చెప్పడం ప్లస్ 1.5, ముందే ఎజెండా వచ్చిన కాల్ 0, ఉన్నట్టుండి లాగిన కాల్ మైనస్ 1.5, రిలీజ్ రాత్రి (కొత్త వెర్షన్ విడుదల చేసే రాత్రి) మైనస్ 2. ఇందులో చదవాల్సింది చాలా ఉంది. మాట్లాడటం మిమ్మల్ని పీల్చేయడం లేదు, సిద్ధం కాకుండా మాట్లాడాల్సి రావడం పీల్చేస్తోంది. వివరించడం ఇష్టం, చేసిందే చేయడం కష్టం. రాత్రి ఒత్తిడి అస్సలు పడదు, టెస్టులో రెండుసార్లూ వచ్చిన చివరి టీ చెప్పేదీ అదే. మైనస్‌లన్నీ ఒకే మేనేజర్ ఉన్న వరుసల్లోనో, నైట్ షిఫ్ట్ వరుసల్లోనో పోగుపడితే మాత్రం మీకు మారాల్సింది వృత్తి కాదు, ప్రాజెక్టు. ఇది చూసుకోకుండా రెండేళ్లు కోచింగ్‌కు వెళ్లిపోయేవాళ్లు కోకొల్లలు.

ఇప్పుడు బిజినెస్ అనలిస్ట్ పనినీ గంటల్లోకి విడగొట్టండి. ఓ మాదిరి సర్వీస్ ప్రాజెక్టులో వారానికి 40 గంటలనుకుంటే ఉరామరిగా ఇలా పోతాయి: క్లయింటుతో, బిజినెస్‌వాళ్లతో కాల్స్ 14, యూజర్ స్టోరీలూ (వాడేవాళ్లకేం కావాలో చెప్పే చిన్న రాతలు) డాక్యుమెంట్లూ 10, డెవలపర్లకూ టెస్టర్లకూ సందేహాలు తీర్చడం 6, డెమోలూ యూఏటీ (వాడేవాళ్లే సరిచూసుకునే ఆఖరి పరీక్ష) 5, మెయిళ్లూ వెంటపడటాలూ 5. ప్రాజెక్టును బట్టి ఇది బాగా మారుతుంది. కాబట్టి ఈ పనిలో రెండు నుంచి ఐదేళ్లున్న ముగ్గురిని పట్టుకుని ఇరవై నిమిషాలు అడగండి. 'మీ జాబ్ ఎలా ఉంది?' అని అడిగితే 'బానే ఉంది' అంటారు. 'నిన్న పొద్దున లాగిన్ అయినప్పటి నుంచి ఏమేం చేశారు?' అని అడగాలి. 'గత నెలలో మీకు బాగా విసుగు తెప్పించిన పని ఏది?' అని కూడా. ముగ్గురూ చెప్పిన గంటల్ని మీ లాగ్ సగటులతో జత చేయండి. 60 శాతం గంటలు సున్నా దగ్గరో, ఆ పైనో పడితే ఆ పని మీకు పర్వాలేదు, 40కి దిగితే వద్దు. ఇది నేను వాడే మోటు కొలత, సూత్రమేం కాదు.

పై ఊహా లాగ్ ప్రకారమైతే డాక్యుమెంట్లు, సందేహాలు, డెమోలు కలిపి 21 గంటలు మీకు నప్పుతాయి. 14 గంటల కాల్స్‌లో ఎజెండా ఉన్నవెన్నో లేనివెన్నో అన్నదాని మీదే మిగతాదంతా. మీ 'జే'కి అసలు పరీక్ష ఇంకొకటుంది. ఈ పనిలో సోమవారం ఖాయమైన రిక్వైర్‌మెంట్ గురువారం మారుతుంది. సేల్స్ టీమ్ ఒకటంటే ఫైనాన్స్ టీమ్ ఇంకొకటంటుంది, మధ్యలో మీరు. సర్దుకుపోయే గుణంలో మార్కు మరీ ఎక్కువున్నవాళ్లు ఇక్కడ ఇద్దరికీ 'సరే' అనేసి ఇరుక్కుంటారు.

కొలువు మారకముందే రుచి చూడటానికి 30 గంటలు పెట్టండి. రోజూ వాడే బస్ టికెట్ యాప్ ఒకటి తీసుకుని అందులో టికెట్ రద్దు భాగానికి 12 యూజర్ స్టోరీలు రాయండి. ఒక్కోదానికి ఏ షరతులు నెరవేరితే పని పూర్తయినట్టో రాయాలి, టెస్టరుగా ఆ భాగం మీకు కొట్టినపిండే. తర్వాత ఇద్దరు స్నేహితుల్ని కూర్చోబెట్టి, ఒకరు ప్రయాణికుడి తరఫున, ఒకరు బస్సు యజమాని తరఫున రిఫండ్ మీద వాదించమనండి. మీరు మధ్యవర్తిగా ఒక పేజీలో తేల్చాలి. ఆ గంటన్నర తర్వాత మీ నంబర్ ఎంతో లాగ్‌లో వేసుకోండి. వివరించడం మీద మక్కువే ఎక్కువని తేలితే బిజినెస్ అనలిస్ట్ ఒక్కటే దారి కాదు, ట్రైనింగ్ టీములు, టెక్నికల్ రైటింగ్ కూడా చూడండి. ఇప్పుడున్న కంపెనీలోనే కొత్తవాళ్లకు నాలుగు సెషన్లు చెబుతానని అడిగితే కాదనేవాళ్లు తక్కువ.

గ్రూప్-2 విషయానికొస్తే, 'గవర్నమెంట్ జాబ్ నాకు నప్పుతుందా' అన్న ప్రశ్నకు జవాబుండదు, ఎందుకంటే ఒకే పరీక్ష కింద ఒకదానికొకటి పొంతన లేని పోస్టులున్నాయి. సచివాలయంలో అసిస్టెంట్ సెక్షన్ ఆఫీసర్ పనంటే ఫైలు చదవడం, పాత జీవోలు వెతకడం, నోట్ రాసి పైకి పంపడం. తలుపు దగ్గర క్యూ ఉండదు. మీ ఐ, జే ఇక్కడ హాయిగా బతుకుతాయి. సబ్ రిజిస్ట్రార్ ఒకేచోట కూర్చుంటాడు గానీ రోజంతా ఎదురుగా జనం ఉంటారు. ప్రతి దస్తావేజులో సర్వే నంబరు, సరిహద్దులు, స్టాంపు సుంకం సరిచూడాలి, పొరపాటు పోతే అది కోర్టు దాకా వెంటాడుతుంది. వివరం మీద పట్టుండి, క్యూ చూసి కంగారుపడనివాళ్లకు అది బాగుంటుంది. ఏపీలో డిప్యూటీ తహసీల్దార్, తెలంగాణలో నాయబ్ తహసీల్దార్ అనే పోస్టు పూర్తిగా వేరు: భూమి గొడవలు, ధ్రువపత్రాల విచారణ, ఎన్నికల పని, వరదొస్తే అర్ధరాత్రి పరుగు. ఎక్సైజ్ ఎస్సై అయితే దాడులూ కేసులూ. అమ్మలక్కల దగ్గర గౌరవం చూసి అందరూ తహసీల్దార్ లైనునే మొదటి ప్రాధాన్యంగా పెడతారు. రిలీజ్ రాత్రికి మైనస్ 2 వేసుకున్న మనిషి ఆ పని చేయడం మొదలుపెట్టేముందు ఓ మండలాఫీసు వరండాలో పొద్దున పదిన్నర నుంచి మధ్యాహ్నం ఒంటిగంట దాకా కూర్చుని చూడాలి. ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఎంతమంది వచ్చారు, ఎందరు గొంతు పెంచారు, ఆ కుర్చీలో మనిషికి ఏకధాటిగా పది నిమిషాలు ఎన్నిసార్లు దొరికాయో లెక్కేసుకోండి.

తయారీ సంగతి కూడా స్వభావం లెక్కలోకే వస్తుంది. నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో తెలియకుండా, కోర్టు కేసులతో వాయిదాలు పడుతూ ఉండే పరీక్షకు ఉద్యోగం మానేసి కూర్చోవడం మానసిక నిలకడ మార్కు తక్కువున్నవాళ్లకు మంచిది కాదు. జీతం వస్తుండగానే పొద్దున రెండు గంటలు చదవగలరేమో ముందు మూడు నెలలు చూడండి. అడిగేవాళ్లు లేకపోయినా ఆ మూడు నెలల్లో 70 రోజులు కూర్చోగలిగితే నాన్నగారితో ధైర్యంగా మాట్లాడొచ్చు.

లాగ్ సోమవారం నుంచి మొదలుపెట్టండి, ఈ మధ్యలో రిలీజ్ ఉన్న వారం అయితే ఒక వారం ఆగి. 40 వరుసలూ, ఐదు మార్కులూ, మూడు అక్షరాలూ వచ్చాక ఇక్కడే పెట్టండి. ఏ పని కింద ఎన్ని గంటలు పడుతున్నాయో కలిసి చూద్దాం. టైపు పేరు రాయక్కర్లేదు.